ఆలస్యంగా కుస్తీలోకి వచ్చిన పిల్లలను పోటీకి ఎలా సిద్ధం చేయాలి

ఎనిమిదో తరగతి దాటాక కుస్తీ మొదలుపెట్టే పిల్లలు మన దగ్గర చాలామందే ఉంటారు. కొందరు కబడ్డీ నుంచి వస్తారు. కొందరిని ఒళ్లు బాగుందని పీఈటీ సారు పిలుచుకొస్తారు. ఒలింపిక్స్ చూసి తామే వచ్చి అడిగేవాళ్లూ ఉంటారు. మొదటి ఏడాది వీళ్లలో చాలామందికి జరిగేది ఒకటే. మూడు నెలల సాధన అవుతుంది, జిల్లా సెలెక్షన్స్ వస్తాయి, ఎదురుగా ఆరేడేళ్లుగా మ్యాట్ మీద పెరిగిన పిల్లాడు నిలబడతాడు, నిమిషంలో బౌటు (ఇద్దరి మధ్య జరిగే పోటీ) అయిపోతుంది. ఇంటికొచ్చి "నాకు కుస్తీ రాదు" అంటారు. అక్కడితో చాలామంది మానేస్తారు.

వయసు సరిపోయింది, బరువు సరిపోయింది, కాబట్టి జోడీ న్యాయమైనదే అని నిబంధన అంటుంది. కానీ సాధన చేసిన కాలాన్ని ఎవరూ అడగలేదు. ఆ మూడో లెక్క మీరే వేసుకోవాలి. తొలి రెండేళ్లు ఏ పోటీకి వెళ్లాలో, దేనికి వెళ్లకూడదో దాన్నిబట్టి తేల్చుకోవాలి. ఆలస్యంగా వచ్చిన పిల్లలకు రాయితీ కావాలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే అది అనుభవం విషయంలోనే ఉండాలి. పుట్టిన తేదీ దిద్ది తెచ్చుకునేది, మనకన్నా చిన్నపిల్లల మీద పడి తెచ్చుకునేది రాయితీ అనిపించుకోదు.

1. ముందు పుట్టిన సంవత్సరంతో లెక్క వేయండి

అంతర్జాతీయ సమాఖ్య, అంటే యునైటెడ్ వరల్డ్ రెజ్లింగ్, పుట్టిన నెలను పట్టించుకోదు. ఆ క్యాలెండర్ సంవత్సరంలో పిల్లలకు ఎన్నేళ్లు నిండుతాయన్నదే చూస్తుంది. అండర్-15లో 14, 15 ఏళ్లవాళ్లు ఉంటారు. వైద్యుడి సర్టిఫికెట్, తల్లిదండ్రుల అంగీకారపత్రం ఉంటే 13 ఏళ్లవాళ్లనూ తీసుకుంటారు. అండర్-17లో 16, 17 ఏళ్లవాళ్లు, అవే కాగితాలతో 15 ఏళ్లవాళ్లు. అండర్-20 అంటే 18 నుంచి 20, కాగితాలతో 17. ఆ పైన అండర్-23, సీనియర్.

2026లో లెక్క ఇలా వస్తుంది: 2011, 2012లో పుట్టినవాళ్లు అండర్-15. 2009, 2010లో పుట్టినవాళ్లు అండర్-17. 2006 నుంచి 2008 దాకా పుట్టినవాళ్లు అండర్-20.

పాతకాలపు కోచ్‌లు ఇప్పటికీ క్యాడెట్, జూనియర్ అనే అంటారు. క్యాడెట్ అంటే ఇప్పటి అండర్-17, జూనియర్ అంటే అండర్-20. "సబ్ జూనియర్" అన్న మాట ఒక్కోచోట ఒక్కో వయసుకు వాడుతున్నారు కాబట్టి పేరు విని ఊరుకోకండి. "ఏ సంవత్సరంలో పుట్టినవాళ్లను తీసుకుంటున్నారు సార్?" అని నేరుగా అడగండి.

స్కూల్ గేమ్స్ లెక్క వేరు. అక్కడ అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాలు. సర్క్యులర్‌లో ఒక తేదీ ఇస్తారు, ఆ తేదీకి అన్నేళ్లు నిండి ఉండకూడదు. 2009 మార్చిలో పుట్టిన అబ్బాయినే తీసుకోండి. 2026లో వాడికి 17 నిండుతాయి. ఫెడరేషన్ లెక్కలో వాడు ఏడాదంతా అండర్-17లోనే ఉంటాడు. స్కూల్ గేమ్స్ సర్క్యులర్‌లో డిసెంబరు 31 అని ఉంటే మాత్రం అండర్-19కి వెళ్లిపోతాడు. ఇది తెలియక తూకం రోజున ఉత్త చేతులతో తిరిగొచ్చే కుటుంబాలున్నాయి. ఏటా సర్క్యులర్ తెప్పించుకుని తేదీ కింద గీత గీసుకోండి. గత ఏడాది కాగితం చూసి ఈ ఏడాది బస్సెక్కొద్దు.

ఇక మీ పిల్లలు ఆ విభాగంలో మొదటి ఏడాది ఉన్నారా, చివరి ఏడాది ఉన్నారా అన్నది రాసుకోండి. 2009 జనవరిలో పుట్టినవాడూ 2010 డిసెంబరులో పుట్టినవాడూ ఒకే అండర్-17లో తలపడతారు. మధ్యలో దాదాపు రెండేళ్లు. ఎదిగే వయసులో రెండేళ్లంటే భుజాల వెడల్పే మారిపోతుంది. ఆలస్యంగా మొదలుపెట్టినవాడు విభాగంలో చిన్నవాడు కూడా అయితే రెండు లోట్లు ఒకేసారి మీద పడతాయి. ఆ ఏడాదిని నేర్చుకునే ఏడాదిగా ముందే ప్రకటించేయండి, ఇంట్లోనూ, తాలింఖానాలోనూ (కుస్తీ నేర్పే చోటు). అదే విభాగంలో ఇంకో ఏడాది చేతిలో ఉంటుంది.

15 ఏళ్ల పిల్లల దగ్గర ఒక నిర్ణయం మీ చేతిలో ఉంది. అండర్-15లోనే ఆఖరి ఏడాది ఆడించవచ్చు, కాగితాలు పెట్టి అండర్-17కి పంపించవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లయితే కిందనే ఉంచండి. పైకి పంపే అవకాశం బాగా ముదిరిన ఆటగాళ్ల కోసం పెట్టింది. "పెద్దవాళ్లతో ఆడితే ధైర్యం వస్తుంది" అని ఎవరైనా అంటే, ఆ ధైర్యం సాధనలో తెచ్చుకుంటామని మర్యాదగా చెప్పండి.

2. మూడు వయసులు ఒక నోట్‌బుక్కులో రాయండి

మొదటిది సర్టిఫికెట్ వయసు. అది తేలిపోయింది.

రెండోది ఒంటి వయసు. ఒకే తరగతిలో ఒకడికి మీసం వచ్చి ఉంటుంది, పక్కవాడి గొంతు ఇంకా మారి ఉండదు. ఇద్దరూ 55 కిలోలే తూగుతారు. కానీ ఒకడి 55లో కండ ఉంటుంది, రెండోవాడిది ఇంకా ఎదగాల్సిన ఒళ్లు. అబ్బాయిల్లో ఎత్తు వేగంగా పెరిగే దశ సగటున 14 ఏళ్ల దగ్గర, అమ్మాయిల్లో 12 దగ్గర వస్తుంది. అయితే ఒకటి రెండేళ్లు అటూ ఇటూ మామూలే. మూడు నెలలకోసారి చెప్పులు లేకుండా గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి తేదీతో రాయండి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంటే పిల్లలు ఆ దశలో ఉన్నారని లెక్క. అప్పుడు అడుగులు తడబడతాయి, నిన్న వచ్చిన పట్టు ఇవాళ రాదు, మోకాలి చిప్ప కింద నొప్పి అంటారు. బద్ధకమని తిట్టకండి. గుంజీలు, గెంతులు తగ్గించి, ఎత్తి పడేసే సాధన కొన్నాళ్లు ఆపి, నిలబడే తీరు మీద పని చేయించమని కోచ్‌తో చెప్పండి. నొప్పి రెండు వారాలు దాటితే ఎముకల డాక్టరుకు చూపించండి.

మూడోది మ్యాట్ వయసు. ఎన్ని నెలలు సాధన చేశారు, వారానికి ఎన్ని రోజులు వెళ్లారు, నిజమైన రిఫరీ ఉన్న బౌట్లు ఎన్ని ఆడారు, ఈ మూడూ రాయండి. "రెండేళ్లుగా నేర్చుకుంటున్నాడు" అని చెప్పే పిల్లాడు పరీక్షలు, సెలవులు, జ్వరాలు తీసేస్తే నికరంగా తొమ్మిది నెలలు కూడా మ్యాట్ ఎక్కి ఉండడు. హర్యానా, ఢిల్లీ అఖాడాల్లో పెరిగిన పిల్లలు ఎనిమిది, పదేళ్లకే లంగోటు కట్టి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి సాధన చేస్తారు. అండర్-17 జాతీయ పోటీలో మీ పిల్లలకు ఎదురయ్యేది ఆ మ్యాట్ వయసు. సర్టిఫికెట్‌లో ఇద్దరికీ 16 అనే ఉంటుంది.

కబడ్డీ, జూడో ఆడినవాళ్లయితే అది కూడా నిజాయితీగా రాయండి. కబడ్డీలో కాలు పట్టడం తెలిసినవాడు, జూడోలో పడటం నేర్చుకున్నవాడు పూర్తిగా కొత్తవాళ్లు కారు. వాళ్లకు ఈ దారి కొంచెం దగ్గర.

3. తొలి ఆరు నెలలు కింద పడ్డాక ఏం చేయాలో నేర్పించండి

ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి. కొత్త పిల్లలు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఫ్రీస్టైల్‌లో, అంటే కాళ్లు కూడా పట్టే కుస్తీలో, పది పాయింట్ల తేడా రాగానే సాంకేతిక ఆధిక్యం కింద బౌటు ఆపేస్తారు. నడుముకు పైనే పట్టే గ్రీకో రోమన్‌లో ఎనిమిదికే ఆపుతారు. అనుభవం ఉన్నవాడు ఒక టేక్‌డౌన్ చేస్తే, అంటే నిలబడ్డవాణ్ని కింద పడేసి అదుపులోకి తెచ్చుకుంటే, రెండు పాయింట్లు. మీ వాడు బోర్లా పడ్డాడు. నడుము చుట్టూ చేతులు బిగించి భారందాజ్ వేసి ఒకసారి దొర్లిస్తే ఇంకో రెండు. పట్టు వదలకుండా అలాగే నాలుగుసార్లు దొర్లిస్తే ఎనిమిది. మొత్తం పది. ఒక్కసారి కింద పడినందుకు బౌటే పోయింది! కాళ్లను మెలిపెట్టి తిప్పే ఫీతలేతో కూడా ఇంతే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో యోగేశ్వర్ దత్ కాంస్యం గెలిచిన బౌటులో చూసే ఉంటారు, ఆ పట్టు ఒకసారి పడితే ఆపడం ఎంత కష్టమో.

కాబట్టి ఎత్తి విసిరే పట్ల జోలికి పోకముందే, బోర్లా పడ్డాక తిరగకుండా ఉండటం నేర్పించాలి. తుంటిని మ్యాట్‌కు అదిమి పెట్టడం, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచడం, ఎదుటివాడి చేతులు నడుము చుట్టూ కలవకముందే మణికట్టు పట్టి విడదీయడం, మడమలు ఒకదానిమీదొకటి పడకుండా కాళ్లు ఎడం చేయడం. పైనున్నవాడు కొద్దిసేపట్లో ఏమీ చేయలేకపోతే రిఫరీ ఇద్దరినీ నిలబెడతాడు. అంటే మీ పిల్లలు కింద కాసేపు గట్టిగా ఆగగలిగితే రెండు పాయింట్లతో బయటపడతారు. పది పాయింట్లతో నిమిషంలో ఓడటానికీ, ఆరు పాయింట్ల తేడాతో నాలుగు నిమిషాలు ఆడి ఓడటానికీ చాలా తేడా ఉంది. రెండో విధంగా ఆడి ఓడినవాళ్లు మర్నాడు మళ్లీ తాలింఖానాకు వస్తారు.

దీనితోపాటు నేర్పాల్సినవి కొన్నే: గాయం కాకుండా పడటం, నిలబడే తీరు, కదలిక, ఎదుటివాడు కాళ్ల మీదకు వచ్చినప్పుడు కాళ్లు వెనక్కి విసిరి తుంటితో బరువు వేయడం. ఇవి అలవాటయ్యాక ఒకే ఒక టేక్‌డౌన్, కుడివైపు. ఆరు నెలల్లో ఒక పట్టు చాలు. ఎదుటివాడికి ముప్పై పట్లు తెలుసు కాబట్టి మనమూ ముప్పై నేర్చుకుందామని బయల్దేరితే ఒక్కటీ చేతికి రాదు. కోచ్ కలాజంగ్, ధోబీ పఛాడ్ లాంటి ఎత్తి విసిరే పట్లు చూపిస్తుంటే పిల్లల కళ్లు మెరుస్తాయి, నిజమే. చూడనివ్వండి, ఆడుకోనివ్వండి. పోటీలో మాత్రం ఆ ఒక్క పట్టే.

మెడ బలం గురించి ఒక మాట. బ్రిడ్జి, అంటే వెల్లకిలా తల, పాదాల మీద ఒంటిని విల్లులా లేపే సాధన, వారాల తరబడి మెల్లగా పెంచాలి. చేతుల ఆసరాతో మొదలుపెట్టి, తర్వాత తల మీద కొంచెం ఒంటి బరువు. 15 ఏళ్లవాడని మొదటి వారమే తోటివాళ్లతో సమానంగా బ్రిడ్జి వేయిస్తే మెడ పట్టేస్తుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఈ తొందరే ప్రమాదం. ఒళ్లు పెద్దది కాబట్టి బరువులు మోయగలరు, కానీ కీళ్లకూ మెడకూ ఆ అలవాటు లేదు.

4. బరువు తగ్గించి లోటు పూడ్చుకోవాలని చూడొద్దు

"ఒక మెట్టు కిందికి దిగితే చిన్నవాళ్లు తగులుతారు" అనే సలహా మీకు తప్పకుండా వస్తుంది. వినకండి. కింది మెట్టులో ఉన్నవాళ్లు కూడా పైనుంచి దిగినవాళ్లే, పైగా ఆ పనిలో ఆరితేరినవాళ్లు. మీ పిల్లలు నీళ్లు మానేసి, స్వెటర్లు వేసుకుని పరిగెత్తి, నీరసంగా మ్యాట్ ఎక్కుతారు. తూకం పోటీ రోజు పొద్దునే ఉంటుంది కాబట్టి కోలుకోవడానికి కొద్ది గంటలే. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్ ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైంది. ఆమె వెనక వైద్యులు, పోషకాహార నిపుణులు అందరూ ఉన్నారు. మీ ఇంట్లో ఎవరున్నారు? 1997 చివర్లో అమెరికాలో వారాల వ్యవధిలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు బరువు తగ్గించే ప్రయత్నంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. రబ్బరు సూట్లు, ఆవిరి గదులు అక్కడి కాలేజీ కుస్తీలో నిషేధించింది ఆ తర్వాతే.

ఎదిగే పిల్లలు మామూలుగా తిని తూగే బరువు ఎంతో, దానికి పైన ఉన్న విభాగంలో ఆడించండి. కొన్నేళ్లుగా నడుస్తున్న పట్టికలో అండర్-17 అబ్బాయిల ఫ్రీస్టైల్ బరువులు 45, 48, 51, 55, 60, 65, 71, 80, 92, 110 కిలోలు. 57 తూగే అబ్బాయి 60లో ఆడాలి. మూడు కిలోలు తక్కువైనా కడుపు నిండా తిని ఆడతాడు.

బరువైన పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. పైకి పోయేకొద్దీ మెట్ల మధ్య దూరం పెరుగుతుంది. 71 తర్వాత 80, ఆపైన 92. 82 కిలోల కొత్త కుర్రాడు 91 కిలోల పాతకాపుతో తలపడాల్సి వస్తుంది. ఒళ్లుందని పీఈటీలు ఏరి తెచ్చే పిల్లలు సరిగ్గా ఈ విభాగాల్లోనే పడతారు. చూడటానికి బలంగా కనిపిస్తారు కాబట్టి వాళ్ల మీద ఎవరికీ జాలి రాదు. ఇలాంటివాళ్లను సెలెక్షన్స్‌కు పంపేముందు అదనంగా ఇంకో ఆరు నెలలు ఆగడం మంచిది.

5. మొదటి బౌట్లు ఎక్కడ ఆడాలో మీరే ఎంచుకోండి

పెద్ద పోటీల్లో నాకౌట్ డ్రా ఉంటుంది. ఓడినవాళ్లకు రెపెచేజ్ ద్వారా ఇంకో అవకాశం రావాలంటే, వాళ్లను ఓడించినవాడు ఫైనల్‌కు చేరాలి. లేకపోతే ఆ ఒక్క బౌటుతో సరి. రెండు రోజుల ప్రయాణం, తిండి, లాడ్జి ఖర్చు, చేతికొచ్చేది నలభై సెకన్ల అనుభవం. నేర్చుకునే పిల్లలకు ఇది సరైన చోటు కాదు.

ఒక విభాగంలో ఆరుగురికన్నా తక్కువ మంది ఉంటే అందరూ అందరితో ఆడే పద్ధతి నడుస్తుంది. మొదటి ఏడాది అలాంటి చిన్న పోటీలే వెతకండి. పక్క తాలింఖానాలతో మాట్లాడి ఒక ఆదివారం స్నేహపూర్వక బౌట్లు పెట్టించండి. హైదరాబాద్ పాతబస్తీలో, జిల్లా కేంద్రాల్లో పాత ఉస్తాదులు ఇంకా ఉన్నారు. గౌరవంగా అడిగితే తమ పిల్లల్లో మీ వాడికి సరిజోడు ఎవరో వాళ్లే చెప్తారు. బౌటు అడిగేటప్పుడు నోట్‌బుక్కు తీసుకెళ్లండి: "మా అబ్బాయికి 15 ఏళ్లు, 57 కిలోలు, ఏడు నెలల సాధన, నాలుగు బౌట్లు ఆడాడు." ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లకు సరైన జోడీ దొరకడం తేలిక.

మరీ సమానమైనవాళ్లే కావాలని కూడా పట్టుబట్టకండి. పది బౌట్లలో మూడు నాలుగు గెలిచేలా, మిగిలినవి చివరిదాకా సాగేలా ఉంటే పిల్లలు బాగా ఎదుగుతారని నా నమ్మకం. పదికి పది గెలుస్తుంటే పై జోడీలు వెతకాల్సిన సమయం వచ్చింది.

సాధనలో జోడీ కూడా ఇంతే ముఖ్యం. 16 ఏళ్ల కొత్తవాడికి బరువు సరిపోయిందని రాష్ట్రస్థాయి ఆటగాణ్ని రోజూ జోడీగా ఇస్తే, వాడు ఆ ఆటగాడి సాధనకు దిండుగా మిగులుతాడు. వారంలో ఒకటి రెండు రోజులు పెద్దవాళ్లతో, మిగిలిన రోజులు సమానులతో చేయించమని అడగండి. "మావాణ్ని ఎవరితో చేయిస్తున్నారు సార్?" అని అడగడం కోచ్‌ను అనుమానించినట్టు కాదు.

అమ్మాయిలకు ఇక్కడే కష్టం ఎక్కువ. చాలా తాలింఖానాల్లో అమ్మాయిలు ఇద్దరు ముగ్గురే ఉంటారు, బరువులు కలవవు. కొత్తగా వచ్చిన అమ్మాయి తనకన్నా పది కిలోలు తక్కువున్న చిన్నపిల్లతోనో, అబ్బాయిలతోనో చేయాల్సి వస్తుంది. అబ్బాయిలతో చేయించాల్సి వస్తే మ్యాట్ వయసు తక్కువున్న, బరువులో తేలికైన అబ్బాయిని ఎంచాలి, కోచ్ ఎదురుగా ఉండాలి, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూసే వీలుండాలి. ఈ చివరి షరతుకు ఒప్పుకోని చోట చేర్పించకండి. దగ్గర్లోని రెండు మూడు తాలింఖానాల అమ్మాయిలు వారానికోసారి ఒకచోట కలిసి సాధన చేసేలా ఏర్పాటు చేసుకోగలిగితే అన్నిటికన్నా మేలు.

6. మీరే పోటీ నడుపుతుంటే

పీఈటీలకు, మండల స్థాయిలో, పండగలకు పోటీలు పెట్టేవాళ్లకు ఈ భాగం. అధికారిక సెలెక్షన్స్‌లో విభాగాలు మార్చే అధికారం మీకుండదు. మీ సొంత పోటీలో ఉంటుంది. దాన్ని వాడండి.

అమెరికాలో పిల్లల పోటీల్లో కొత్తవాళ్లకు వేరే విభాగం పెట్టడం చాలా చోట్ల మామూలు. మొదటి, రెండో ఏడాది పిల్లలు అందులో ఆడతారు. ముందే గీసిన బరువు గీతలకు బదులు, వచ్చిన పిల్లలందరినీ తూచి, బరువు వరుసలో నిలబెట్టి, పక్కపక్కవాళ్లను నలుగురేసి గుంపులు చేసే పద్ధతి కూడా అక్కడ వాడుకలో ఉంది. అక్కడి తెలుగువాళ్ల పిల్లలు కూడా స్కూల్ కుస్తీలో ఇలాగే మొదలుపెడుతున్నారు. దీన్ని మన దగ్గర చేయడానికి ఒక తూకం, ఒక తెల్లకాగితం, ఓపికున్న మనిషి ఒకరు చాలు.

పిల్లలు రాగానే పేరు, పుట్టిన తేదీ, బరువు, ఏ తాలింఖానాలో ఎప్పుడు చేరారు, ఎన్ని బౌట్లు ఆడారు అన్నవి రాయించుకుని కోచ్ సంతకం తీసుకోండి. మట్టి కుస్తీ, జూడో కలిపే లెక్కించండి. ముందు వయసుతో విడదీయండి, ఇద్దరి మధ్య రెండేళ్లు దాటనివ్వకండి. తర్వాత అనుభవంతో రెండు భాగాలు చేయండి: రెండేళ్లలోపు, రెండేళ్లపైన. ఆ తర్వాతే బరువు వరుస. గుంపులో అందరికన్నా తేలికైనవాడికీ బరువైనవాడికీ తేడా పది శాతం లోపు ఉండేలా చూడండి. నలుగురు ఉంటే ఒక్కొక్కరికి మూడు బౌట్లు. అండర్-15, అండర్-17 బౌటు రెండేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో అర నిమిషం విరామం. బౌట్ల మధ్య కనీసం పావుగంటైనా ఊపిరి తీసుకోనివ్వండి.

ఈ వరుస ఎందుకు ముఖ్యమంటే, 16 ఏళ్ల కొత్తవాణ్ని 13 ఏళ్ల పిల్లలతో కలిపేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఇద్దరి అనుభవం ఒకటే, బరువూ ఒకటే కదా అంటారు. కానీ 16 ఏళ్లవాడి ఎముక ముదిరి ఉంటుంది. కింద ఉన్న పిల్లాడి మోచెయ్యి, భుజం ఆ బరువుకు తట్టుకోవు. పైగా ఆ 13 ఏళ్లవాడు సరైన వయసుకే మొదలుపెట్టాడు, వాడు చేసిన తప్పేమిటి? ఒకరికి న్యాయం చేయబోయి ఇంకొకరికి అన్యాయం చేయకూడదు.

కొత్తవాళ్ల విభాగంలో కప్పుల కోసం పాతవాళ్లను దించే కోచ్‌లు ఉంటారు. దీనికి ముందే ఒక నియమం చెప్పేయండి: మూడు బౌట్లూ సాంకేతిక ఆధిక్యంతో గెలిచినవాడు వచ్చేసారి పై విభాగంలో ఆడాలి. రెండోసారి పట్టుబడిన తాలింఖానాను పిలవకండి.

7. కాగితాలు సరిచూసుకోండి, దిద్దకండి

ఆలస్యంగా మొదలుపెట్టిన పిల్లల ఇంటికి ఈ సలహా కూడా వస్తుంది: "రెండేళ్లు తగ్గిస్తే సరిపోతుంది." చెప్పేవాడు మంచివాడే అయి ఉండొచ్చు. అయినా ఒప్పుకోకండి. క్రీడల్లో వయసు మోసాన్ని అరికట్టే జాతీయ నియమావళి 2010 నుంచే ఉంది. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. 2025 ఆగస్టులో నకిలీ జనన ధ్రువపత్రాలు పెట్టారని జాతీయ సమాఖ్య 11 మంది కుస్తీ ఆటగాళ్లను సస్పెండ్ చేసింది. ఆ కాగితాలు చాలావరకు పెద్దవాళ్లు చేయించేవే, శిక్ష పడేది మాత్రం పిల్లలకు. స్కూలు, ఆధార్, పాస్‌పోర్ట్, ఉద్యోగం దాకా ఆ తేదీ వెంటాడుతుంది.

ఇంకో సంగతి. మన ఊళ్లలో బడిలో చేర్పించేటప్పుడు సారు ఏదో ఒక జూన్ తేదీ వేసేసిన పిల్లలు చాలామంది ఉన్నారు. ఆస్పత్రి కాగితంలో ఒకటి, స్కూలు రికార్డులో ఇంకొకటి, ఆధార్‌లో మూడోది. ఇది మోసం కాకపోయినా పోటీ రోజున అలాగే కనిపిస్తుంది. పిల్లలు తాలింఖానాలో చేరిన నెలలోనే మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అసలు జనన ధ్రువపత్రాన్ని ఆధారంగా చేసుకుని మిగిలినవి సరిచేయించండి. మొదటి పోటీలో పేరు నమోదు కాకముందే ఈ పని కావాలి. నిజమైన తేదీతో పిల్లలు పై విభాగంలోకి వెళ్లాల్సి వస్తే వెళ్లనివ్వండి.

8. ఏడాదికోసారి కూర్చుని దారి చూసుకోండి

తల్లిదండ్రుల తొందర వెనక స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ ఉంటుందని అందరికీ తెలుసు. ఆ ఆశలో తప్పు లేదు. కానీ 15 ఏళ్లకు మొదలుపెట్టినవాడు 16కే జాతీయ పతకం తేవాలంటే జరిగేది గాయమో, దొంగ కాగితమో. సంవత్సరాలు లెక్కపెట్టి చూడండి. 2011లో పుట్టి 2026లో మొదలుపెట్టిన అమ్మాయికి 2027, 2028 అండర్-17. 2029 నుంచి 2031 దాకా అండర్-20. అండర్-23 అర్హత 2034 దాకా ఉంటుంది. కాలేజీలో చేరితే విశ్వవిద్యాలయాల పోటీలు ఉంటాయి. ఎనిమిదేళ్లున్నాయి చేతిలో.

సాక్షి మాలిక్ రోహ్‌తక్‌లో 12 ఏళ్లకు మొదలుపెట్టి 2016 రియోలో కాంస్యం గెలిచేనాటికి ఆమెకు 23. అమెరికా అమ్మాయి టమైరా మెన్సా స్టాక్ పదో తరగతిలో ఉండగా కుస్తీలోకి వచ్చింది, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 68 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచింది. అందరూ అంతదూరం వెళ్లరు. కానీ 15 దాటితే తలుపులు మూసుకున్నట్టేనన్న మాట నిజం కాదని ఇవి చెబుతాయి. మూసుకునే తలుపు ఒకటి మాత్రం ఉంది. హకీంపేట స్పోర్ట్స్ స్కూలు లాంటి చోట్ల నాలుగో తరగతిలోనే చేర్చుకుంటారు. కాబట్టి ఆలస్యంగా వచ్చినవాళ్లు హాస్టల్ వ్యవస్థ మీద ఆశ పెట్టుకోకుండా, ఇంటికి దగ్గర్లో రోజూ వెళ్లగలిగే మ్యాట్, ఓపికున్న కోచ్ వెతుక్కోవాలి. వారానికి ఐదు రోజులు అరగంట దూరంలోని మామూలు తాలింఖానా, నెలకు నాలుగుసార్లు వెళ్లే పేరున్న అకాడమీ కన్నా మేలు.

డిసెంబరులో, సంవత్సరం మారకముందు, పిల్లలతోనూ కోచ్‌తోనూ కూర్చోండి. నోట్‌బుక్కు తీసి నాలుగు విషయాలు చూడండి: ఓడిన బౌట్లు సగటున ఎంతసేపు సాగాయి, కింద పడ్డాక ఎన్ని పాయింట్లు పోయాయి, సొంత టేక్‌డౌన్లు ఎన్ని, ఎన్ని వారాలు గాయంతో మానేశారు. బౌట్లు చివరిదాకా సాగుతుండి, కింద పోయే పాయింట్లు తగ్గుతుంటే వచ్చే ఏడాది జిల్లా సెలెక్షన్స్‌కు పేరివ్వండి. ఇంకా మొదటి నిమిషంలోనే ముగుస్తుంటే మరో ఆరు నెలలు చిన్న పోటీలే. పిల్లలు జనవరిలో పై విభాగంలోకి మారుతుంటే ఆ సంగతి ఇప్పుడే చెప్పండి, ఎదురయ్యేవాళ్లు పెద్దవాళ్లని, ఆ ఏడాది ఫలితాలు ఎవరూ లెక్కపెట్టరని. ఆ తర్వాత వాళ్లకు ఏం కావాలో అడగండి. అందులో పోటీ లేకపోతే, సాధన మాత్రమే చాలంటే, అలాగే సాగనివ్వండి.